స్టాన్‌ఫర్డ్‌లో సోఫోమోర్ కాలేజ్ అంటే ఏమిటి?

ప్రశ్న: మా తమ్ముడు స్టాన్‌ఫర్డ్‌లో మొదటి ఏడాది ముగించి హైదరాబాద్ వచ్చాడు. సెలవులు అయిపోకముందే 'సోఫోమోర్ కాలేజ్' అని వెళ్లిపోతానంటున్నాడు. కాలేజీ మారుతున్నాడా?

జవాబు: లేదండీ, ఆ పేరుతోనే వచ్చింది చిక్కు. అమెరికాలో సోఫోమోర్ అంటే డిగ్రీ రెండో ఏడాది విద్యార్థి. స్టాన్‌ఫర్డ్‌లో క్లాసులు సెప్టెంబరు చివర్లో గానీ మొదలవ్వవు. దానికి ముందు దాదాపు మూడు వారాలు, రెండో ఏడాదిలోకి వచ్చేవాళ్లకు పెట్టే సెమినార్ ఇది. 1995లో మొదలుపెట్టారు.

మామూలు టర్మ్‌లో మూడు నాలుగు కోర్సుల మధ్య పరుగులే. ఇక్కడ మాత్రం పొద్దున లేచింది మొదలు ఒకే సబ్జెక్టు, గుప్పెడు మంది విద్యార్థులు, ఎదురుగా ప్రొఫెసర్. వెనక బెంచీలో దాక్కోవడం కుదరదు! కొన్ని సెమినార్లు క్యాంపస్ దాటి వెళతాయి. సముద్ర జీవుల గురించి చదివేవాళ్లయితే కాలిఫోర్నియా తీరంలోని పసిఫిక్ గ్రోవ్ అనే ఊళ్లో స్టాన్‌ఫర్డ్ వాళ్ల సముద్ర పరిశోధన కేంద్రం, హాప్‌కిన్స్ మెరైన్ స్టేషన్‌లో ఉండి, నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల సందుల్లో వంగి వెతుకుతారు.

దీనికి 2 యూనిట్లు (అంటే డిగ్రీ లెక్కలోకి వచ్చే క్రెడిట్లు) ఇస్తారు. ముందే దరఖాస్తు చేసుకోవాలి, సీట్లు తక్కువ. చదవాల్సినవి వేసవిలోనే పంపిస్తుంటారు కాబట్టి, చుట్టాలింట్లో కూడా మీవాడు పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఏమీ అనకండి.