బండి ఆపితే పెట్రోల్ కారుతోంది, కార్బురేటర్ మార్చాల్సిందేనా?

ప్రశ్న: నాది పాత కార్బురేటర్ బైక్. రాత్రి స్టాండ్ వేసి పెడితే తెల్లారేసరికి కార్బురేటర్ కింద సన్న పైపులోంచి పెట్రోల్ చుక్కచుక్కగా కారిపోయి ఉంటోంది. పెట్రోల్ ట్యాప్ కట్టేస్తే మాత్రం కారట్లేదు. మెకానిక్ కార్బురేటర్ మొత్తం మార్చాలంటున్నాడు. ఇంట్లో బాగుచేసుకునే దారి ఉందా?

జవాబు: ఉందండి, కార్బురేటర్ మార్చడానికి అప్పుడే తొందరపడకండి. ట్యాప్ కడితే ఆగుతోందంటే ఎక్కువగా ఫ్లోట్ నీడిల్ సరిగ్గా మూసుకోవట్లేదని అర్థం. వాటర్ ట్యాంకులో బాల్ వాల్వ్ లాంటిదే ఇది, పెట్రోల్ పైకొస్తే ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలే బుడ్డి) లేచి నీడిల్‌ని (మొన ఉన్న చిన్న పుల్లని) నెట్టి పెట్రోల్ వచ్చే దారి మూసేస్తుంది, మధ్యలో చిన్న నలుసు ఇరుక్కున్నా మూసుకోదు, మిగిలిందంతా ఓవర్‌ఫ్లో పైపులోంచి బయటికే.

అన్నిటికంటే ముందు ఇంజిన్ ఆయిల్ చూడండి ప్లీజ్. లెవెల్ పెరిగినా పెట్రోల్ వాసనొచ్చినా పెట్రోల్ ఇంజిన్ లోపలికి దిగిందన్నట్టే, ఆయిల్ మార్చకుండా స్టార్ట్ చేస్తే బేరింగులు పోతాయి.

ఇంజిన్ చల్లారాక, గాలి ఆడే చోట, దగ్గర్లో మంట, సిగరెట్ లేకుండా చూసుకుని ట్యాప్ కట్టేసి, కార్బురేటర్ కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోల్ ఒక సీసాలోకి పట్టండి. అందులో తుప్పు పొడి కనబడితే అసలు రోగం ట్యాంకులో ఉంది, ట్యాంక్ కడిగి ఫిల్టర్ వెయ్యకపోతే ఎన్ని నీడిల్స్ మార్చినా మళ్లీ ఇదే గోల.

తర్వాత కార్బురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె విప్పండి, స్క్రూకి సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి, లేకపోతే తల అరిగిపోతుంది. ఫ్లోట్ తిరిగే పిన్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త, దాన్ని పట్టుకుని ఉండే రెండు కొమ్ములు పెళుసుగా ఉంటాయి, సుత్తితో కొడితే విరుగుతాయి, విరిగాయంటే అప్పుడు నిజంగానే కార్బురేటర్ మార్చాలి. నీడిల్ బయటికొచ్చాక మొనని వెలుతురులో పెట్టి చూడండి, చుట్టూ గాడి పడి ఉంటే, గోటికి తగులుతుంటే, మార్చేయండి. అది కూర్చునే చోటుని ఇయర్‌బడ్‌తో తుడవండి, తీగ పెట్టి గీకొద్దు. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల ద్రవం చప్పుడైతే దానికి చిల్లు పడిందన్నమాట.

బిగించే ముందు ఒక్క పరీక్ష చెయ్యండి, కార్బురేటర్ విప్పి ఉంటే తలకిందులు చేసి పెట్రోల్ వచ్చే గొట్టంలోకి శుభ్రమైన పైపుతో మెల్లగా ఊదండి, ఫ్లోట్ బరువుకి నీడిల్ మూసుకుంటుంది కాబట్టి గాలి పోకూడదు.

కొత్త నీడిల్ వేసినా, ఫ్లోట్ ఎత్తు సరిగ్గా ఉన్నా ఇంకా కారుతుంటే గిన్నెలో నిలబడి ఉండే సన్న ఓవర్‌ఫ్లో గొట్టం చీలి ఉండొచ్చు. గిన్నె విడిగా తీసి అంచు దాకా కాకుండా ఆ గొట్టం మొనకి కొంచెం కిందివరకు పెట్రోల్ పోసి చూడండి, కింద చుక్క పడితే అదే, గిన్నె ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది.