స్టెరాయిడ్ మందులు మన జన్యువులను మార్చేస్తాయా?

మీరు అడిగినవి రెండు. ఆస్తమాకు ప్రెడ్నిసొలోన్ రాశారు, స్టెరాయిడ్లు జన్యువుల మీద పనిచేస్తాయని చదివి భయపడ్డారు, అది మొదటిది. మీ అన్నయ్యకు రెండు రోజుల్లో గుణమిచ్చిన మందు మీకెందుకు అంతగా పనిచేయలేదన్నది రెండోది.

మొదటిదానికి సూటిగా చెప్తాను: జన్యువులు మారవు. మీ డీఎన్‌ఏలో ఒక్క అక్షరం కూడా చెదరదు. ఏ జన్యువును కణం ఎంతగా చదువుతుందన్నదే మారుతుంది. జన్యువుల మీద పనిచేయడం అంటే ఇక్కడ ఇంతే.

నేను డాక్టరును కాను. నాలుగేళ్ళపాటు ఒక పరిశోధనశాలలో ఊపిరితిత్తుల కణాల మీద డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పోసి, ఏ జన్యువు పెరిగింది, ఏది తగ్గింది అని కొలిచాను. తర్వాత నాకే ఆస్తమా ముదిరి అదే జాతి మందును మింగవలసి వచ్చింది.

మేము వాడినవి ఏ549 అనే కణాలు. 1972లో ఒక కేన్సర్ రోగి ఊపిరితిత్తి నుంచి తీసి అప్పటినుంచి పెంచుతూ వస్తున్నవి. మొదటి మూడు నెలలు నా ప్రయోగాలు ఒక్కటీ కుదరలేదు. మందు పోయని గిన్నెల్లో కూడా జన్యువులు అప్పటికే మేలుకుని కనిపించేవి. కొలతలో తప్పుందేమోనని యంత్రాన్ని తిట్టుకున్నాను. చివరికి ఒక సీనియర్ అడిగారు, "సీరాన్ని బొగ్గుతో శుద్ధి చేశావా?" అని. కణాలకు పోషణగా పోసే దూడ సీరంలోనే, అంటే దాని రక్తం నుంచి తీసిన ద్రవంలోనే, సహజమైన స్టెరాయిడ్లు ఉంటాయి. బొగ్గుపొడి కలిపి వాటిని లాగేయకపోతే, మందు లేదని మనం అనుకునే కణాలు కూడా కొద్దికొద్దిగా మందు తాగుతూనే ఉంటాయి. మీ భయానికి కూడా నేను ఇదే చెప్తాను. స్టెరాయిడ్ మీ శరీరానికి కొత్త చుట్టం కాదు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే స్టెరాయిడ్‌ను రోజూ తయారుచేస్తూనే ఉన్నాయి, తెల్లవారుజామున ఎక్కువగా, రాత్రి తక్కువగా. మాత్రల్ని ఉదయం వేసుకోమనడం వెనుక ఈ లయ కూడా ఉంది. ప్రెడ్నిసొలోన్ ఆ కార్టిసాల్‌కు దగ్గరి బంధువు, దానికంటే బలమైనది.

ఇక లోపల జరిగేది. స్టెరాయిడ్ కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి కణం పొరను తేలిగ్గా దాటిపోతుంది. లోపల గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ అనే ప్రొటీన్, హెచ్‌ఎస్‌పీ90 లాంటి సహాయక ప్రొటీన్ల చేతుల్లో ఎదురుచూస్తూ ఉంటుంది. ఐదో క్రోమోజోమ్ మీద ఉన్న ఎన్‌ఆర్3సీ1 అనే జన్యువు దాన్ని తయారుచేస్తుంది. మందు వచ్చి అతుక్కోగానే ఆ రిసెప్టర్ రూపు మార్చుకుని కేంద్రకంలోకి వెళ్తుంది. డీఎన్‌ఏ మీద తనకు తెలిసిన ఒక గుర్తు కోసం వెతుకుతుంది: ఆరు అక్షరాలు, మధ్యలో ఏవైనా మూడు, మళ్ళీ ఆరు. అక్కడ జంటగా కూర్చుని దగ్గరలోని జన్యువు చదువును పెంచుతుంది. ఇంకో పని కూడా చేస్తుంది. వాపును రేపే జన్యువులను నడిపించే ఎన్ఎఫ్-కప్పాబీ, ఏపీ-1 అనే ప్రొటీన్లకు అడ్డుపడుతుంది. ఐఎల్-6, ఐఎల్-8, కాక్స్-2 లాంటి వాపు ప్రొటీన్లు తగ్గేది అందువల్లే.

మందు వల్ల పెరిగే జన్యువుల్లో నాకు బాగా పరిచయమైనవి గిల్జ్, డస్ప్1, ఎఫ్‌కేబీపీ5. మొదటి రెండూ వాపును అణచేవే. మూడోది విచిత్రమైనది. మందు ఎఫ్‌కేబీపీ5ను పెంచుతుంది, అది తయారుచేసే ప్రొటీన్ వెళ్ళి రిసెప్టర్‌కు మందు మీదున్న పట్టును సడలిస్తుంది. అంటే కణం తనకు తానే కళ్ళెం వేసుకుంటుంది. దక్షిణ అమెరికాలోని స్క్విరల్ కోతుల్లో ఈ ప్రొటీన్ మరీ ఎక్కువ, అందుకే వాటి రక్తంలో కార్టిసాల్ మనకంటే ఎన్నో రెట్లు ఉన్నా వాటికి ఏమీ కాదు. ఈ సంగతి చదివిన రోజు నేను పని మానేసి సాయంత్రం దాకా కోతుల గురించే చదివాను.

ఇదంతా జరగడానికి సమయం పడుతుంది. గిన్నెలో గంట, రెండు గంటలకే ఆర్ఎన్ఏ, అంటే జన్యువును చదివి కణం రాసుకునే నకలు, పెరగడం కనిపించేది. దాని నుంచి ప్రొటీన్ తయారై, అప్పటికే ఉన్న వాపు తగ్గడానికి ఇంకా గంటలు కావాలి. నాకు మొదటిసారి ఆయాసం ముదిరినప్పుడు నెబ్యులైజర్ పెట్టిన పది నిమిషాల్లో ఊపిరి ఆడింది. అది శ్వాసనాళాలను త్వరగా తెరిచే సాల్బుటమాల్ చలవ. దానితో పాటు ఇచ్చిన స్టెరాయిడ్ ఫలితం తెలిసింది ఆ రాత్రి గడిచాకే. ఈ తేడా తెలియక "మాత్ర వేసుకుని గంటయింది, ఏమీ తగ్గలేదు" అని కంగారుపడేవాళ్ళు చాలామంది.

దుష్ప్రభావాలు కూడా ఈ దారినే వస్తాయి. అదే రిసెప్టర్ దాదాపు అన్ని కణాల్లోనూ ఉంది. కాలేయంలో అది పీసీకే1 లాంటి చక్కెర తయారీ జన్యువులను లేపుతుంది, అందుకే షుగర్ పెరుగుతుంది. కండరాల్లో ప్రొటీన్లను కరిగించే జన్యువులను లేపుతుంది. కొన్ని రకాల తెల్ల రక్తకణాలకైతే చావు ఆదేశమే ఇస్తుంది, లుకేమియా చికిత్సలో కావాలని వాడుకునేది ఆ గుణాన్నే. మంచి పనులన్నీ జన్యువులను అణచడం వల్ల, చెడ్డవన్నీ లేపడం వల్ల అని ఒకప్పుడు గట్టిగా అనుకునేవారు, ఆ రెండింటినీ విడదీసే మందు కోసం ఏళ్ళ తరబడి వెతికారు. గిల్జ్, డస్ప్1 లాంటివి లేవడం కూడా వాపు తగ్గడానికి అవసరమేనని తేలాక ఆ లెక్క అంత శుభ్రంగా లేదని అర్థమైంది. నా అభిప్రాయంలో ఈ రంగం మొత్తంలో అత్యంత నిజాయితీగల నిరాశ అది.

మీ అన్నయ్య సంగతి. రిసెప్టర్ జన్యువులోనే మనిషికీ మనిషికీ చిన్న తేడాలుంటాయి. ఎన్363ఎస్ అనే మార్పు ఉన్నవారిలో స్పందన కాస్త ఎక్కువ, ఈఆర్22/23ఈకే ఉన్నవారిలో కాస్త తక్కువ అని చెప్తారు. 2011లో జీఎల్‌సీసీఐ1 అనే జన్యువులోని ఒక తేడాకూ, పీల్చే స్టెరాయిడ్‌కు ఆస్తమా రోగుల్లో వచ్చే ఫలితానికీ సంబంధం కనిపించింది. అయినా ఇవేవీ ఒక మనిషికి మందు ఎంత పనిచేస్తుందో ముందే చెప్పగలిగినంత బలమైనవి కావు. జన్యు పరీక్ష చేయించుకోవాలా అని అడగకముందే చెప్తున్నాను, నేనైతే డబ్బు పెట్టను. అంతకంటే ముందు చూడవలసినవి ఉన్నాయి: పొగతాగే ఆస్తమా రోగుల్లో స్టెరాయిడ్ సరిగా పనిచేయదు, ఆస్తమాలోనే మందుకు లొంగే రకం, లొంగని రకం ఉన్నాయి, ఇన్హేలర్ పట్టుకునే పద్ధతి తప్పితే మందు గొంతులోనే ఆగిపోతుంది. నాది మూడో తప్పు, రెండేళ్ళు.

ఆఖరిది, మీరు అడగనిది. రెండోసారి నాకు ఆరు వారాల కోర్సు ఇచ్చారు. కాస్త తేలికపడగానే ఇంత తెలిసిన నేనే మాత్రలు ఆపేశాను. మూడో రోజుకు లేచి నిలబడితే కళ్ళు తిరిగాయి, ఒళ్ళంతా నొప్పులు, మంచం దిగబుద్ధి కాలేదు. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తున్నంతకాలం మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథిలో పీఓఎంసీ జన్యువు అణగి ఉంటుంది. అడ్రినల్ గ్రంథులను పని చేయమని చెప్పే హార్మోన్ దాని నుంచే రావాలి. ఆ పిలుపు వారాల తరబడి రాకపోతే అవి బద్ధకిస్తాయి, మందు ఆపిన మర్నాడే లేచి పరుగెత్తవు. అయిదు రోజుల కోర్సును సాధారణంగా ఒకేసారి ఆపేయవచ్చు, మూడు వారాలు దాటితే అలా కుదరదు, డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారమే దిగాలి. నాకు 40 మిల్లీగ్రాముల నుంచి 10 దాకా త్వరగానే తగ్గించారు. 5 దగ్గరికి వచ్చేసరికి బాగా నెమ్మది చేశారు, ఎందుకంటే శరీరం రోజూ తయారుచేసుకునే కార్టిసాల్‌కు దాదాపు సాటి అయిన మోతాదు అది. అక్కడి నుంచి సున్నాకు చేరడానికి నాకు ఏడు వారాలు పట్టింది.