షటిల్ సందేహాలు: లీ యోంగ్ డే, అతని పక్కన ఆడినవాళ్లు

ప్రశ్న: మేడమ్, మా క్లబ్‌లో ప్రతి ఆదివారం ఒకటే గొడవ. కొరియా బ్యాడ్మింటన్ ఆటగాడు లీ యోంగ్ డే ఒక్కసారి కూడా ప్రపంచ చాంపియన్ కాలేదు, కాబట్టి గొప్ప డబుల్స్ ఆటగాళ్లలో లెక్కపెట్టకూడదని మా ఫ్రెండ్ అంటాడు. మీరేమంటారు?
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పిన లెక్క కరెక్టే. పురుషుల డబుల్స్‌లో లీ మూడుసార్లు ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్లి మూడుసార్లూ ఓడిపోయాడు. 2007లో కౌలాలంపూర్‌లో ఇండోనేషియా జోడీ మార్కిస్ కిడో, హెంద్రా సెతియవాన్ చేతిలో. 2009లో చైనా జోడీ కాయ్ యున్, ఫు హైఫెంగ్ చేతిలో. 2014లో కోపెన్‌హాగెన్‌లో సొంత దేశం వాళ్లే అయిన కో సంగ్ హ్యున్, షిన్ బేక్ చియోల్ చేతిలో. లెక్క ఒప్పుకుంటాను గానీ తీర్పు మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే వాటిలో రెండో ఫైనల్ నేను కళ్లారా చూశాను.

2009 ఆగస్టు 16, ఆదివారం, హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం. నా పాత డబుల్స్ పార్ట్‌నర్, నేను పక్కపక్కన కూర్చున్నాం. మొదటి గేమ్ 21–18తో చైనాకి, రెండోది 21–16తో కొరియాకి వెళ్లింది. మూడోది 20–20 దగ్గరకొచ్చింది. అక్కణ్నుంచి 26–26 దాకా స్కోరు ఏడుసార్లు సమమైంది. నా పార్ట్‌నర్ నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. ఇంటికెళ్లి చూసుకుంటే నాలుగు గోళ్ల గుర్తులున్నాయి.

ఫు హైఫెంగ్‌ది ఎడమచేతి వాటం. అతని స్మాష్, అంటే పైనుంచి కిందికి కొట్టే బలమైన దెబ్బ, టీవీలో చూస్తే తెలియదు, స్టేడియంలో ఆ చప్పుడు వినాలి. అలాంటి స్మాష్ మీదకొస్తే ఎవరైనా పైకి లిఫ్ట్ చేసి ఊపిరి పీల్చుకుంటారు. లీ మాత్రం మోకాళ్లు వంచి, రాకెట్ నడుముకు ముందు పట్టుకుని నిలబడి, దాన్ని బ్యాక్‌హ్యాండ్‌తో నెట్ మీద జానెడెత్తున తిన్నగా డ్రైవ్ చేసేవాడు. షటిల్ వెనకే తనూ ముందుకొచ్చేసేవాడు. అంతసేపూ కొడుతున్నవాడు ఆ క్షణం నుంచి కాచుకోవాల్సిందే. షటిల్ పైకి లేచిందా, వెనకనుంచి అతని పార్ట్‌నర్ జంగ్ జే సంగ్ ఎగిరేవాడు. జంగ్ ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. అంత చిన్న మనిషి అంత పైకి ఎలా లేస్తాడో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

28–26తో చైనా గెలిచింది. ఆ రోజు ఓడినవాళ్లని తక్కువ ఆటగాళ్లని అనడానికి నాకు నోరు రాదు.

ఇంకో విషయం కూడా మీ ఫ్రెండ్‌కి చెప్పండి. జంగ్ జే సంగ్, కో సంగ్ హ్యున్, యూ యోన్ సియోంగ్ అని ముగ్గురు వేర్వేరు పార్ట్‌నర్లతో లీ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. డబుల్స్ ఆడినవాళ్లకి దీని విలువ తెలుసు. పార్ట్‌నర్ మారాడంటే సర్వీస్ తర్వాత వేసే మొదటి అడుగు నుంచి అన్నీ మళ్లీ నేర్చుకోవాలి. మధ్యలో పడే షటిల్ ఎవరిదన్నది కూడా కొత్తగా తేల్చుకోవాలి.

ప్రశ్న: ఒలింపిక్స్‌లో గెలిచి కెమెరాకి కన్నుగీటింది ఈయనేనా? మా అమ్మ ఇప్పటికీ ఆయన ఫ్యాన్!
– ఒక ఇంటర్ విద్యార్థిని

జవాబు: ఆయనే. 2008 ఆగస్టు 17, బీజింగ్, మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్. లీ యోంగ్ డే, లీ హ్యో జంగ్ కలిసి ఇండోనేషియాకి చెందిన నోవా విదియాంతో, లిలియానా నాట్సిర్ జోడీని 21–11, 21–17తో ఓడించారు. అప్పటికి అతనికి 19 ఏళ్లు. ఆ ఒక్క కన్నుగీటుతో కొరియాలో ఇంటింటికీ తెలిసిపోయాడు. ఆ స్వర్ణంతో నిర్బంధ సైనిక సేవ నుంచి మినహాయింపు కూడా దొరికింది. అక్కడ మగపిల్లలందరికీ తప్పని బాధ్యత అది. మంచి వయసులో ఆట ఆగకుండా ఉండటం ఎంత పెద్ద వరమో చూడండి.

మీ అమ్మగారికి నా తరఫున ఒక మాట చెప్పమ్మా. ఆ స్వర్ణంలో సగం లీ హ్యో జంగ్‌ది. అతనికన్నా ఏడేళ్లు పెద్దది. ఆరడుగులకు కాస్త తక్కువ మనిషి నెట్ దగ్గర నిలబడితే అవతలివాళ్లకి షటిల్ ఎక్కడ వేయాలో తోచేది కాదు. అదే ఒలింపిక్స్‌లో మహిళల డబుల్స్ రజతం కూడా తెచ్చుకుంది. ఆమె పేరు కూడా మీ ఇంట్లో వినబడాలని నా కోరిక.

ప్రశ్న: లీ యోంగ్ డే డోపింగ్‌లో దొరికిపోయి బ్యాన్ అయ్యాడని ఎక్కడో చదివాను. నిజమా?
– పేరు రాయని పాఠకుడు

జవాబు: కాదు. ఈ మాట ఎవరన్నా నాకు కోపం వస్తుంది, ఎందుకంటే ఏ పరీక్షలోనూ అతను పాజిటివ్‌గా తేలలేదు. పెద్ద ఆటగాళ్లు ఏ రోజు ఎక్కడుంటారో ముందే తెలియజేయాలి, పరీక్షకులు చెప్పకుండా వచ్చి శాంపిల్ తీసుకుంటారు. లీ, మరో కొరియా ఆటగాడు కిమ్ గి జంగ్‌ల వివరాలు సరిగ్గా అందించే పని కొరియా బ్యాడ్మింటన్ సంఘానిది. ఆ పని అది సరిగ్గా చేయలేదు. పరీక్షలు తప్పాయని 2014 జనవరిలో ఇద్దరికీ ఏడాది నిషేధం పడింది. తప్పు ఆటగాళ్లది కాదని తేలాక ఏప్రిల్‌లో నిషేధం ఎత్తేశారు, సంఘానికి 40 వేల డాలర్ల జరిమానా వేశారు. ఆ ఏడాదే లీ, యూ యోన్ సియోంగ్ దుబాయ్‌లో సూపర్‌సిరీస్ ఫైనల్స్ టోర్నీ గెలిచారు.

ప్రశ్న: మేడమ్, ఆరేళ్లు కలిసి ఆడిన నా పార్ట్‌నర్ ఆట మానేసింది. ఇంకొకరితో ఆడాలంటే మనసు రావట్లేదు. అకాడమీకి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. నేనూ మానేయనా?
– డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని

జవాబు: మానేయకమ్మా. నా పార్ట్‌నర్ పెళ్లయి వెళ్లిపోయినప్పుడు నేనూ మూడు నెలలు రాకెట్ ముట్టలేదు. ఆ మూడు నెలలు ఊరికే పోగొట్టుకున్నానని ఇప్పుడు బాధపడతాను.

లీ సంగతే చూడు. జంగ్‌తో కలిసి 2008లో, 2012లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచాడు, లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చుకున్నాడు. ఆ ఒలింపిక్స్ అయ్యాక జంగ్ వెళ్లిపోయాడు. కో సంగ్ హ్యున్‌తో మొదలుపెట్టాడు, తర్వాత ఆ జోడీనీ మార్చేశారు. 2014 కోపెన్‌హాగెన్ ఫైనల్లో నెట్‌కి అవతల నిలబడింది ఆ కో సంగ్ హ్యునే! తన అలవాట్లన్నీ తెలిసినవాడి చేతిలో మూడు గేముల్లో ఓడిపోయాడు. 2016 రియోకి యూతో నంబర్ వన్‌గా వెళ్లి క్వార్టర్స్‌లో మలేషియా జోడీకి తలవంచాడు. కొన్ని వారాలకే సొంతగడ్డ మీద కొరియా ఓపెన్ గెలిచి జాతీయ జట్టుకి సెలవు చెప్పాడు. అక్కడితో ఆగాడా? కిమ్ గి జంగ్‌తో జత కట్టి 2018లో మకావు ఓపెన్, 2020లో మలేషియా మాస్టర్స్ గెలిచాడు. అప్పటికి అతనికి 31 ఏళ్లు.

పాత పార్ట్‌నర్‌ని మర్చిపొమ్మని మాత్రం నేను చెప్పను. జంగ్ జే సంగ్ 2018 మార్చిలో, 35 ఏళ్లకే చనిపోయాడు. ఆ వార్త చదివిన రోజు మొదట నా పాత పార్ట్‌నర్‌కే ఫోన్ చేశాను. తను ఫోన్ ఎత్తి, గచ్చిబౌలిలో ఎగిరిన అబ్బాయేనా అని అడిగింది. ఆ తర్వాత ఇద్దరికీ మాట రాలేదు.

రేపు అకాడమీకి వెళ్లు. కొత్త అమ్మాయితో ముందు మ్యాచ్ ఆడకు. ఒక గంటసేపు ఆమె చేత స్మాష్‌లు కొట్టించుకుని, నువ్వు డ్రైవ్‌తో తిప్పి పంపు. ఆమె భుజం ఎప్పుడు లేస్తుందో, కాలు ఎటు పడుతుందో నీకు తెలుస్తుంది. తర్వాత చోట్లు మార్చుకోండి. సాయంత్రం మీ పాత పార్ట్‌నర్‌కి ఫోన్ చేసి ఎలా జరిగిందో చెప్పు.