జెల్ అయిపోతే గంజి పనికొస్తుంది

డాక్టర్ గారూ, తూర్పు కాంగోలోని మీ శిబిరంలో అల్ట్రాసౌండ్ స్కానుకు చర్మం మీద పూసే జెల్ నిండుకుందనీ, చేతిలో పట్టే స్కానర్ వేడెక్కి మధ్యలో ఆగిపోతోందనీ రాశారు.

జెల్ సంగతి తేలికే. ఒక వంతు కార్న్‌ఫ్లోర్‌కు పది వంతుల నీళ్లు పోసి, కలుపుతూ చిక్కబడేదాకా కాచి, ఉండలు లేకుండా వడకట్టి చల్లార్చండి. అక్కడ సులువుగా దొరికే కర్రపెండలం పిండి గంజిని కాంగోలోనే గర్భిణుల స్కాన్లలో వాడి చూశారు, బాగానే పనిచేసింది. ఏ రోజుది ఆ రోజే కాచుకోండి, నిలవ ఉంటే పులుస్తుంది. తెరిచి ఉన్న గాయం మీద మాత్రం పూయకండి. వంటనూనె అసలు వద్దు, ప్రోబు (ఒంటికి ఆనించే భాగం) ముఖం మీది రబ్బరు పాడవుతుంది.

వేడికి నీడే మందు. చూడనప్పుడు చిత్రాన్ని ఫ్రీజ్ చేయండి, ఛార్జింగ్‌లో ఉంచి స్కాన్ చేయకండి.

నన్ను కలవరపెట్టింది దెబ్బలు తగిలి వచ్చినవారి గురించి మీ చివరి వాక్యం: "కడుపులో రక్తం కనిపించలేదు, పంపించేశాం." దయచేసి అలా పంపకండి. దెబ్బ తగిలిన మొదటి గంటలో కొద్దిపాటి రక్తం కనిపించకపోవచ్చు. పేగు చిల్లు, వీపు వైపు రక్తస్రావం ఈ స్కానుకు తరచూ చిక్కవు. నాడి, రక్తపోటు గమనిస్తూ అరగంటకోసారి మళ్లీ చూడండి. కాలేయానికీ కుడి మూత్రపిండానికీ మధ్య సందుతో మొదలుపెట్టి, ఊపిరితిత్తి కదలిక కూడా చూడండి.