గట్టి రాయే గానీ, నూనె తాగుతది

హన్మకొండ

బిడ్డా,

మొన్న ఫోన్ల నీ గొంతు వింటే నాకు పానం మంచిగ అనిపియ్యలే. కొత్తింట్ల దిగి రెండు నెలలు కాలే, వంటగట్టు మీద నూనె డబ్బా పెట్టే జాగల గుండ్రంగ నల్ల మచ్చ పడ్డదన్నవు. "గిన్ని పైసలు పోసి క్వార్ట్‌జైట్ రాయి ఏయించినం, గ్రానైట్ కన్నా గట్టిదన్నరు గద పెద్దబాపూ" అని అడిగినవు. వాళ్లు చెప్పిన మాట నిజమే, కాకపోతే సగమే చెప్పిన్రు. ముప్పై ఏండ్లు బండలు కోసి, పరిచి, పాలిష్ పట్టినోన్ని, మిగతా సగం నేను చెప్త.

పాకాల చెరువుకు పోయినప్పుడు చుట్టూ గుట్టలు చూసినవు గద. ఆ దిక్కు రాళ్ల వరుసకు భూగర్భ శాస్త్రం చదివినోళ్లు పాకాల పేరే పెట్టిన్రు. దాంట్ల క్వార్ట్‌జైట్ కూడ ఉన్నది. ఒకప్పుడు అదంత ఇసుకనే. ఇసుక పేరుకొని ఇసుకరాయి అయితది, ఆ రాయి భూమి లోతుల వేడికి, ఒత్తిడికి చిక్కితే రేణువుకు రేణువు అతుక్కపోయి క్వార్ట్‌జైట్ అయితది. పలుగురాయి ఎంత గట్టిదో ఇదీ అంతే, రాళ్ల గట్టితనం చూసే మోస్ కొలతల 7. మన ఇంట్ల కత్తి 5.5 దగ్గర ఉంటది, పాలరాయి 3. కత్తి దాన్ని గీరలేదు, కత్తే మొద్దుబారుతది. అయినా రేణువుల నడుమ కంటికి ఆనని సందులు మిగులుతయి, ఒక పలకకు తక్కువ, ఒక పలకకు ఎక్కువ. నీ నూనె ఆ సందులల్లకు దిగింది. మన కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ కూడ కొంచెం తాగుతది, దాని ముదురు రంగుల కనపడదు. నీది తెల్ల రాయి, ఏదీ దాచలేదు.

మచ్చ సంగతి తర్వాత. ముందుగాల అది అసలు క్వార్ట్‌జైటేనా చూడాలె. కాజీపేటల ఒక ఇంటికి ఆ పేరు మీదనే కొన్న తెల్లరాయి నేనే పరిచిన. పండుగ ముందు ఆ ఇంటామె చింతపండుతోని రాగి చెంబులు తోమి గట్టు మీద బోర్లించింది. తెల్లారేసరికి ఎన్ని చెంబులో అన్ని వలయాలు, పాలిష్ పోయి సున్నం లెక్క అయినయి. అది పాలరాయి. పులుపు తగిలితే పాలరాయిని తినేస్తది. పరీక్ష చెయ్యకుండ పరిచిన తప్పు నాది, ఆమె మొఖం ఇప్పటికీ యాదికొస్తది.

సింకు కోసం కోసిన ముక్క మీ ఇంట్ల ఉండాలె. దాని పదును అంచుతోని పాత సీసా మీద గట్టిగ గీయి. అసలుదైతే గాజు మీద గీత లోతుగ పడతది, పాలరాయైతే జారిపోతది. పాలిష్ ఉన్న దిక్కు నిమ్మకాయ రసం రెండు చుక్కలేసి పావుగంటైనంక తుడిచి, వెలుతురుకు వాల్చి చూడు. మెరుపు తగ్గితే దాంట్ల సున్నపు జాతి రాయి ఉన్నట్టు. అట్లైతే పులుపంతా దూరం పెట్టాలె, మళ్ల నాకు ఫోన్ చెయ్యి.

ఇగ ఆ నూనె మచ్చ. రుద్దితే పోదు, లోపలికెల్లి గుంజాలె. తినే సోడను నీళ్లతోని దోశపిండి కన్నా గట్టిగ కలిపి, మచ్చ కన్నా కొంచెం ఎడల్పుగ, వేలు మందంల పట్టెయ్యి. మీద ప్లాస్టిక్ కవర్ పరిచి అంచులకు టేపు ఏసి ఒక రోజు ఉంచు. తర్వాత కవర్ తీసి పూర్తిగ ఎండనియ్యి. ఎండుకుంటనే అది నూనెను పీల్చుకుంటది, తొందరపడి తడిగున్నప్పుడే గీకితే పనంతా పోతది. ఒక్కసారికి పోకపోతే రెండోసారి, మూడోసారి పెట్టు. పసుపు మరకైతే నీళ్లకు బదులు మందుల దుకాణంల దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోని కలుపు, ముందు ఆ ముక్క మీదనే చూసి.

మచ్చ పోయినంక సీలర్, అంటే మరక తొందరగ లోపలికి దిగకుండ రాయికి పూసే మందు, పట్టియ్యాలె. రాయి లోపలికి ఇంకే రకం తీస్కో, మీద పొర కట్టేది వద్దు. గట్టు కడిగి కనీసం ఒక రోజు ఆరనియ్యాలె. బట్టతోని పూసి, డబ్బా మీద రాసినంత సేపు ఆగి, మిగిలింది ఎండకముందే తుడిచెయ్యాలె, లేకుంటే మబ్బు పట్టినట్టయితది. సీలర్ ఉన్నది గదాని మరక అట్లనే ఇడిచిపెట్టకు, అది నీకు తుడుచుకునే టైం ఇస్తది, అంతే. ఆరు నెలలకోసారి నీళ్ల చుక్కలేసి పావుగంట ఆగు. కింద రాయి రంగు ముదిరితే మళ్ల పట్టియ్యాల్సిన టైం అయినట్టు.

రోజూ గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు, మెత్తటి బట్ట, తర్వాత పొడి బట్ట చాలు. బోరు నీళ్లు గదా, తడి ఇడిచిపెడితే నల్లా చుట్టు తెల్లగ పేరుకుంటది. బాత్రూం యాసిడ్ గట్టు దగ్గరికే రానియ్యకు. తుప్పు మరకలు తీసే మందులల్ల కొన్నిట్ల హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటది, అది అసలు క్వార్ట్‌జైట్‌ను కూడ తింటది, మనిషికి ఇంకా ప్రమాదం.

సర్వపిండి గంజు పొయ్యి మీదికెల్లి తీసి సక్కగ గట్టు మీద పెట్టకు. రాయి వేడి ఓర్చుకుంటది గానీ ఒక్కతాననే కాలితే, అదీ సింకు పక్కన సన్నటి జాగలల్ల, పగులు రావచ్చు. అతుకుల జిగురుకూ మంచిది కాదు. కుదురో, చెక్కో పెట్టుకో.

ఇంకోటి, బతుకమ్మకు గునుగు పూలకు రంగులద్దుతరు గద, ఆ రంగు గిన్నెలు మాత్రం గట్టు మీద వద్దు. వాకిట్లనో, పాత పేపర్ల మీదనో చేసుకోండ్రి. నూనె మరక సోడకు లొంగుతది గానీ ఆ రంగు దిగితే తీసుడు నా వల్ల కూడ కష్టం.

సద్దుల బతుకమ్మకు మేం అక్కడికే వస్తున్నం. సీలర్ నేను పట్టుకొస్త, ఇద్దరం కలిసి పెడదాం. అప్పటిదాక నూనె డబ్బా కింద ఒక స్టీలు పళ్లెం పెట్టు, సింకు ముక్కను మేస్త్రీ పారేయకుండ చూడు.

మీ పెద్దబాపు