పన్ను తీయించుకున్నాక నొప్పి పెరిగింది, ఇంట్లో మాటలు తగ్గాయి

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. హార్డ్‌వేర్ షాపు ఉంది. పోయిన శుక్రవారం కింది జ్ఞానదంతం తీయించుకున్నాను. రెండు రోజులు ఫర్వాలేదు. ఆదివారం రాత్రి నుంచి నొప్పి పెరిగి చెవిలోకి లాగుతోంది. నిద్ర లేదు, నోరు వాసన వస్తోంది. డాక్టరు రాసినవి కాక, మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు రోజుకు ఆరేడు మింగుతున్నాను. డాక్టరు వేరే పన్ను పీకారేమోనని నా అనుమానం. చెవి నరం తెగిందని అమ్మ అంటోంది. ఈ చిరాకులో, ఎనిమిదేళ్ల మా పాప స్టీలు గ్లాసు జారవిడిచిందని చెయ్యి చేసుకున్నాను. అప్పటి నుంచి మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. సిగరెట్లు మానేశానని తనకు చెప్పాను గానీ, షాపు వెనక రోజుకు నాలుగైదు కాలుస్తూనే ఉన్నాను. బీపీకి మాత్ర వాడతాను. పన్ను నొప్పికే ఇంత గోల చేస్తున్నందుకు సిగ్గుగా ఉంది. ఏం చేయాలి?
– ఒక సోదరుడు, ఏలూరు

జవాబు: ఇది చదివే సమయానికి కూడా నొప్పి అలాగే ఉంటే మిగతాది తర్వాత చదవండి. ముందు పన్ను తీసిన డాక్టరుకు ఫోన్ చేయండి. "మూడో రోజు నుంచి నొప్పి పెరిగింది, చెవిలోకి లాగుతోంది, నోరు వాసన వస్తోంది" అని చెప్పండి. ఈ మూడు ముక్కలు వింటే చాలు, ఈ రోజే రమ్మంటారు.

పన్ను తీశాక నొప్పి రావడం మామూలే. కాకపోతే మొదటి రెండు మూడు రోజులు గట్టిగా ఉండి, ఆ తర్వాత రోజురోజుకీ తగ్గాలి. మీది తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచింది. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి, అడుగున ఉన్న ఎముకకు మూతలా కూర్చుంటుంది. ఆ గడ్డ ముందే ఊడిపోతే ఎముక బయటపడుతుంది. ఇక గాలి తగిలినా, మంచినీళ్లు తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. దీన్నే డ్రై సాకెట్ అంటారు. కింది జ్ఞానదంతాలకు ఎక్కువగా వస్తుంది, పొగతాగే వాళ్లకు మరీ ఎక్కువ. నోట్లోకి చూడకుండా అదేనని తేల్చలేం గానీ, మీరు రాసిన లక్షణాలన్నీ దానివే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇది ఓర్చుకునే నొప్పి కాదు, చూపించుకోవాల్సిన నొప్పి.

వేరే పన్ను పీకారన్న అనుమానంతో క్లినిక్‌లో గొడవకు దిగకండి. ముందు తీసిన ఎక్స్‌రే చూపించమంటే చూపిస్తారు. ఇక అమ్మగారి భయం. కింది దవడకూ చెవి ముందు భాగానికీ ఒకే నరం నుంచి కొమ్మలు వెళ్తాయి. అందుకే దవడలో పుట్టిన నొప్పి చెవిలో పలుకుతుంది. చెవి నరం తెగడం వల్ల కాదు. పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందని మా పెద్దమ్మ చివరిదాకా నమ్మింది, పిప్పి పన్నుతోనే కాలం గడిపింది. ఇలాంటి మాటల వల్ల ఎంతమంది నొప్పులు భరిస్తున్నారో!

క్లినిక్‌లో చేసేది పెద్ద పని కాదు. గుంటను సెలైన్‌తో కడిగి, లవంగనూనె వాసన వచ్చే మందు పట్టీ లోపల పెడతారు. చాలామందికి గంట తిరిగేలోపే తేలికపడుతుంది. రెండు మూడుసార్లు పట్టీ మార్పించుకోవాల్సి రావచ్చు. అలాగని ఇంట్లో లవంగనూనె తెచ్చి దూదితో అద్దుకోకండి, పచ్చిపుండు కాలుతుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ ఆరేడు మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఎక్కువగా వేసుకుంటే కడుపులో పుండ్లు పడతాయి, బీపీ పెరుగుతుంది. కొన్ని బీపీ మందులతో కలిస్తే కిడ్నీల మీద భారం పడుతుంది. పారాసిటమాల్ అయినా పెద్దవాళ్లు రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. అంటే 650 మి.గ్రా. బిళ్లలు ఆరుకు మించకూడదు, మద్యం అలవాటు ఉన్నవాళ్లకు అదీ ఎక్కువే. మీరు మింగుతున్న స్ట్రిప్పులన్నీ, బీపీ మాత్రతో సహా, ఒక కవర్లో వేసుకుని డాక్టరు ముందు పెట్టండి. వాటిలో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఉంటే ఆ కోర్సు అయిపోయాక కూడా రెండు మూడు రోజులు మద్యం ముట్టకండి. జ్వరం వచ్చినా, దవడ కింద వాపు పెరిగినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడానికో ఊపిరి తీయడానికో ఇబ్బందైనా క్లినిక్ కోసం చూడకండి. అర్ధరాత్రైనా పెద్దాసుపత్రికి పరిగెత్తండి.

సిగరెట్ల సంగతి డాక్టరుకు దాచకండి. పొగ పీల్చడం ఆ రక్తపు గడ్డకూ మంచిది కాదు, పుండు మానడానికీ మంచిది కాదు. కనీసం ఇది మానేదాకా ఆపండి. పూర్తిగా మానాలనిపిస్తే ఎక్కడో వెతకక్కర్లేదు, సిగరెట్ పెట్టె మీదే 1800-11-2356 అని టోల్‌ఫ్రీ నంబరు ఉంటుంది.

మీ ఆవిడకు ఇవన్నీ నొప్పి తగ్గాక నిదానంగా చెబుదామనుకోకండి, ఈ రోజే చెప్పండి. నొప్పి పోయాక చెబితే ఇంకో అబద్ధంలా వినిపిస్తుంది. సంజాయిషీలు వద్దు. "మానలేదు, నీకు అబద్ధం చెప్పాను, డాక్టరు దగ్గరికి నువ్వూ రా" అంటే చాలు. ఆవిడ మౌనం గ్లాసు గురించి మాత్రమే అని నేను అనుకోను. మీ చొక్కా ఉతికేది ఎవరు? షాపు వెనక వాసన ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. మీ నోటితో చెబుతారా లేదా అని చూస్తోంది, అంతే. తిడితే తిట్టనివ్వండి. మధ్యలో దవడ పట్టుకుని మూలగకండి!

పాప సంగతి వేరు. నాన్న పళ్లు కొరుకుతూ మీదికి వచ్చాడని దానికి గుర్తుండిపోతుంది. గ్లాసు పడితే దెబ్బ పడుతుందని కూడా గుర్తుంటుంది. దాని పక్కన కింద కూర్చుని "నాన్నకు ఇక్కడ నొప్పి, నీ తప్పేం లేదు, నేను కొట్టకుండా ఉండాల్సింది" అనండి. చాక్లెట్ తెచ్చి మర్చిపోమనకండి. అది నోరు చూపించమంటే ఫోన్ టార్చి వేసి ఆ గుంట చూపించండి, పిల్లలకు అలాంటివి భలే సరదా.

తిండి దగ్గరికొస్తే చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం, జావ తినండి. ఆవకాయ, మరమరాలు కొన్నాళ్లు పక్కన పెట్టండి. డాక్టరు చూశాక, తిన్న ప్రతిసారీ గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని అటూ ఇటూ తల వంచి వదిలేయండి. గట్టిగా పుక్కిలించి ఉమ్మకండి. చూడ్డానికి వచ్చినవాళ్లు కొబ్బరి బొండాం తెస్తే స్ట్రా పక్కన పడేసి గ్లాసులో పోసుకు తాగండి. గ్లాసు పాపను తెమ్మనండి.