డ్రూపల్ ఉద్యోగం వద్దని ఫుల్‌స్టాక్ కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాము. మా అమ్మాయి బి.సి.ఎ. పూర్తి చేసింది. ప్రభుత్వ సంస్థల వెబ్‌సైట్లు నిర్వహించే చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. డ్రూపల్, వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైటు నిర్వహణ సాఫ్ట్‌వేర్ల మీద పని, జీతం తక్కువ. పక్కింటి అబ్బాయికి పెద్ద ప్యాకేజీ వచ్చింది, నలుగురూ మమ్మల్ని చిన్నచూపు చూస్తారేమో. అప్పు చేసైనా, వెబ్‌సైటులో కనిపించే భాగం, వెనక నడిచే భాగం రెండూ నేర్పే ఫుల్‌స్టాక్ కోర్సులో చేర్పించాలని అనుకుంటున్నాను. అసలు డ్రూపల్, వర్డ్‌ప్రెస్‌లలో దేనికి భవిష్యత్తు ఉంది?

జవాబు: మీరు అడిగింది రెండు సాఫ్ట్‌వేర్ల పోలికే అయినా, వర్డ్‌ప్రెస్ పని అంటే నలుగురిలో చిన్నచూపు అవుతుందన్న బెంగే మీ ప్రశ్నలో ఎక్కువగా కనిపిస్తోంది. ఆ బెంగ పెట్టుకోనక్కరలేదు, ఆ పనిలోనూ నేర్చుకోవలసింది చాలా ఉంది. పరీక్ష ఫలితాలు వెలువడే రోజున ఒకే ప్రకటన కోసం లక్షల మంది ఒక్కసారిగా వచ్చినప్పుడు, ప్రతి ఒక్కరి కోసం డేటాబేస్‌ను కదిలించే సైటు కుప్పకూలుతుంది. ఒకసారి తయారైన పేజీని వార్నిష్ వంటి కాష్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో ఉంచి అక్కడి నుంచే అందించే సైటు నిలబడుతుంది. అయితే హాల్‌టికెట్ నంబరు కొట్టగానే ఒక్కొక్కరికి ఒక్కో పేజీ కావాలి కనుక అక్కడ ఆ ఉపాయం పారదు. ఏ పేజీని కాష్‌లో ఉంచాలో, దేన్ని ఉంచకూడదో తేల్చడం నేర్చుకున్న మనిషికి ఏ సి.ఎం.ఎస్. (వెబ్‌సైటు సమాచారాన్ని నిర్వహించే సాఫ్ట్‌వేర్) వచ్చినా పని దొరుకుతుంది.

భద్రత సంగతీ అంతే. 2014 అక్టోబరు 15న డ్రూపల్ 7లో ఒక పెద్ద లోపం బయటపడినప్పుడు, ప్రకటన వెలువడిన ఏడు గంటలలోపు సరిచేసుకోని సైట్లన్నీ దాడికి గురైనట్లే భావించాలని డ్రూపల్ భద్రతా బృందమే హెచ్చరించింది. అటువంటి రాత్రి పనికొచ్చే మనిషిని ఏ కంపెనీ వదులుకోదు.

ఇక పోలిక. అనేక భాషల్లో సమాచారం, రాసినవారు ఒకరు, ఆమోదించేవారు మరొకరు అనే పద్ధతి ఉన్న సంస్థకు డ్రూపల్ నప్పుతుంది. అవి దాని కోర్‌లో, అంటే మూల సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. వర్డ్‌ప్రెస్‌లో రెండో భాషకు ప్లగిన్ (విడిగా జోడించే భాగం) కావాలి, కానీ సిబ్బందికి నేర్పడం తేలిక. అమెరికా అధ్యక్ష భవనం వెబ్‌సైటు 2009లో డ్రూపల్‌కు మారి, 2017లో వర్డ్‌ప్రెస్‌కు వెళ్లిపోయింది. కనుక దేనికి భవిష్యత్తు అన్న ప్రశ్నను నేను పెద్దగా పట్టించుకోను.

నాకు అనుమానమల్లా మీరు మోజుపడుతున్న దారి మీదే. అటువంటి కోర్సుల్లో ఇప్పుడు హెడ్‌లెస్ అనే మాట బాగా వినిపిస్తోంది: సమాచారం ఒక వ్యవస్థలో, చూపించే భాగం జావాస్క్రిప్టులో విడిగా. మొబైల్ యాప్‌కూ వెబ్‌సైటుకూ ఒకే సమాచారం వెళ్లాలంటే అది మంచిదే. కానీ టెండరు నోటీసు పెట్టే గుమస్తా ప్రచురణకు ముందు పేజీ ఎలా ఉంటుందో చూసుకోవాలని ప్రివ్యూ నొక్కితే, దాన్ని ఎవరో ప్రత్యేకంగా కట్టి ఉంటే తప్ప ఏమీ కనిపించదు. నవీకరించాల్సిన వ్యవస్థలు రెండవుతాయి, నెలనెలా వాటిని చూసుకునే మనిషి ఉండడు. పైగా బయటి యాప్‌లకు సమాచారం అందించే ఏ.పి.ఐ. వర్డ్‌ప్రెస్ కోర్‌లో 2016 నుంచీ, డ్రూపల్ కోర్‌లోనూ ఉంది. దాని కోసం అప్పు చేయనవసరం లేదు.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. జీతం గురించి, కోర్సు గురించి రాసిన మీరు అమ్మాయి ఏమనుకుంటోందో ఒక్క వాక్యమైనా రాయలేదు. పక్కింటి అబ్బాయి ప్యాకేజీ మీ అమ్మాయి చదువుకు కొలమానం కాదు. ఆమెను అడిగారా?

ఆమెకు ఇష్టమైతే ఆ ఉద్యోగంలో చేరనివ్వండి. చేరేముందు మాత్రం ఆ కంపెనీని ఆమే స్వయంగా అడగాలి: సెక్యూరిటీ అప్‌డేట్లు ఎవరు వేస్తారు, మార్పులను పరీక్షించడానికి వేరే సర్వరు ఉందా, కోడ్ గిట్‌లో (ప్రతి మార్పునూ నమోదుచేసే సాధనం) ఉంటుందా. వీటికి తడబడకుండా జవాబులు వస్తే, తక్కువ జీతమైనా రెండేళ్లు ఉండవచ్చు, ఈలోగా పి.హెచ్.పి. అనే ప్రోగ్రామింగ్ భాషనీ, డ్రూపల్‌కు ఆధారమైన సింఫనీ అనే ఫ్రేమ్‌వర్క్‌నీ ఇంట్లో నేర్చుకోవచ్చు. రోజంతా పి.డి.ఎఫ్.లు అప్‌లోడ్ చేయించే చోటైతే, ఆరు నెలల్లో మరో ఉద్యోగం వెతుక్కోమనండి.